మూలనున్న పెట్టె



1968లో న్యూయార్కులో ఒక రికార్డింగు స్టూడియో. ఇరవై ఎనిమిదేళ్ల పియానో వాద్యకారుడు ఒకాయన లోపలికొచ్చి చుట్టూ చూశాడు. డ్రమ్స్ ఉన్నాయి, బేస్ ఉంది, మైకులున్నాయి. పియానో మాత్రం లేదు. నాదస్వరం వాయించడానికి పిలిచి, డోలు ఒక్కటే పెట్టి కూర్చోబెట్టినట్టుంది వ్యవహారం. మరి నన్నేం వాయించమంటారని అడిగితే, బృందం పెద్ద మూలనున్న ఒక పెట్టె వైపు చూపించి అది వాయించమన్నాడు. ఈయనకి మనసులో చిరాకేసింది. అదేదో పిల్లల ఆటబొమ్మ అనుకున్నాడు. అయినా ఆ పెద్దమనిషి మాట కాదనే ధైర్యం ఆ రోజుల్లో ఎవరికుంది? వెళ్లి ఒక తీగల గుత్తిలాంటి స్వరసముదాయం, వాళ్ల భాషలో కార్డు, నొక్కి చూశాడు. గదంతా గుండ్రంగా, వెచ్చగా ఒక నాదం నిండింది. చిరాకు అక్కడికక్కడే పోయిందని తరవాత ఆయనే ఎన్నోసార్లు చెప్పుకున్నాడు.

ఆ పెద్దమనిషి జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్. పియానో ఆయన హెర్బీ హాన్‌కాక్. మూలనున్న పెట్టె పేరు ఫెండర్ రోడ్స్ ఎలక్ట్రిక్ పియానో.

నేను పాతికేళ్లు గోదావరి జిల్లాల్లో పెళ్లి ఆర్కెస్ట్రాలకి కీబోర్డు వాయించినవాణ్ణి. అంతకుముందు మా ఊరి రామాలయంలో భజనకి హార్మోనియం. జాజ్ సంగీతం గురించి మాట్లాడేంత పండితుణ్ణి కాను. కానీ ఒక మనిషి అరవై ఏళ్ల పాటు తన ముందు ఏ పెట్టె పెట్టుకున్నాడు, ఎందుకు పెట్టుకున్నాడు, ఎందుకు పక్కకి జరిపాడు అన్నది ఆ పెట్టెలు మోసినవాడికి తెలుస్తుంది. హాన్‌కాక్ కాలాన్ని బట్టి ఫ్యాషను మార్చాడని కొందరంటారు. నేను ఒప్పుకోను. చేతిలో ఉన్న వాయిద్యానికి ఏదో ఒకటి చేతకాదని తేలిన ప్రతిసారీ ఆయన ఇంకో దాని దగ్గరికి వెళ్లాడు. ఆ చేతకానిది ఏమిటో వెతుక్కుంటూ వెళ్దాం.

ఆయన 1940లో షికాగోలో పుట్టాడు. ఏడో ఏట పియానో మొదలుపెట్టాడు. పదకొండేళ్లకి, 1952లో, షికాగో సింఫనీ ఆర్కెస్ట్రాతో కూర్చుని మోట్సార్ట్ కన్‌చెర్టోలో మొదటి భాగం వాయించాడు. అంటే పునాది శాస్త్రీయం, గట్టిది. అయితే ఈ పిల్లవాడికి ఇంకో పిచ్చి ఉండేది. ఇంట్లో గడియారాలు విప్పేసి లోపల ఏం తిరుగుతోందో చూసేవాడు. అయోవా రాష్ట్రంలోని గ్రిన్నెల్ కాలేజీలో చేరినప్పుడు తీసుకున్న చదువు సంగీతం కాదు, ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్. మధ్యలో సంగీతానికి మారాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి. ముందుముందు ఆయన ముందుకి ఏ యంత్రం వచ్చినా మిగతా పియానో వాళ్లలా బెదరకుండా మూత విప్పి చూసే చెయ్యి అది.

ఇక్కడ ఒక్క నిమిషం మన హార్మోనియం దగ్గరికి వద్దాం. మన గాయకులు వేదికెక్కగానే "నాది ఐదున్నర", "నాది ఒకటిన్నర" అంటారు కదా, ఆ లెక్క ఎక్కడిది? హార్మోనియం మెట్లదే. తెల్ల మెట్టయితే ఒకటి, రెండు, మూడు. మధ్యలో నల్ల మెట్టు పడితే అర. త్యాగరాజస్వామి కీర్తన పాడే ఆవిడ కూడా తన గొంతు కొలత యూరప్ పెట్టె మెట్లతోనే చెబుతుంది. అదే పెట్టెని 1940లో మన రేడియో గుమ్మం దాటనివ్వలేదు. మూడు దశాబ్దాల పాటు హార్మోనియం మీద నిషేధం. కారణం ఏమిటంటే, మెట్టు నొక్కితే ఒక స్వరం, పక్క మెట్టు నొక్కితే ఇంకో స్వరం, మధ్యలో దారి లేదు. గమకం పలకదు. వీణ తీగ లాగినట్టు మెట్టుని లాగలేం. ఆ రేడియోలోనే కూర్చుని ఇప్పుడు నేను మెట్ల వాయిద్యాల కథ చెబుతున్నాను, అది వేరే విషయం. కానీ ఆ అభ్యంతరంలో నిజం ఉంది. పియానోకీ అదే రోగం. ఎనభై ఎనిమిది మెట్లు, లోపల రెండొందలకి పైగా తీగలు, ఇనుప చట్రం, ఇంత ఆర్భాటమూ ఉండి రెండు స్వరాల మధ్య జారే వీలు లేదు. హాన్‌కాక్ ప్రయాణంలో సగం ఈ గోడని తట్టడమే.

1963లో మైల్స్ డేవిస్ బృందంలో చేరాడు. వేన్ షార్టర్, రాన్ కార్టర్, టోనీ విలియమ్స్ కూడా ఉన్న ఆ ఐదుగురి బృందాన్ని జాజ్ వాళ్లు దేవుడి పటంలా చూస్తారు. డ్రమ్స్ టోనీ విలియమ్స్‌కి చేరేనాటికి పదిహేడేళ్లు. పిడుగు. ఆ రోజుల్లో హాన్‌కాక్ ఒక దశలో వాయించిందే వాయిస్తున్నానని దిగాలు పడ్డాడట. మైల్స్ ఆ బొంగురు గొంతుతో చెవిలో ఏదో గొణిగాడు. వెన్న స్వరాలు వాయించొద్దన్నట్టు వినబడింది. వెన్న స్వరాలేమిటి? రోజుల తరబడి ఆలోచించి, వెన్నంటే కొవ్వు, కొవ్వు అంటే తేలిగ్గా రుచి తెలిసిపోయేది కదా అనుకుని, కార్డు రంగుని బయటపెట్టే రెండు స్వరాలు తీసేశాడు. మన లెక్కలో చెప్పాలంటే గాంధారం, నిషాదం. చూడండి, షడ్జమ పంచమాలు మాత్రమే వాయిస్తే అది శంకరాభరణమా ఖరహరప్రియా ఎవరు చెప్పగలరు? గాంధారం పడితేగానీ గుట్టు తెలియదు. ఆ గుట్టు విప్పకుండా ఉంచితే పక్కన సాక్సఫోన్ వాయించేవాడు ఎటు కావాలంటే అటు వెళ్లొచ్చు. మైల్స్ అన్నది నిజంగా వెన్నేనా, తాను సరిగ్గా విన్నాడా అని తరవాత ఆయనకే అనుమానం. అయితేనేం, పొరపాటున విన్న మాట కూడా ఒక్కోసారి ఉపదేశమే.

అంత బాగున్న పియానోలో లోటేమిటి? ఒకటి, టోనీ డ్రమ్స్ ముందు అది వినపడదు. హాల్లో మూత తీసిపెట్టినా, మైకు లోపల దూర్చినా, కర్రపుల్లల వాన కింద పియానో తడిసిపోయేది. రెండు, పియానోని ఎవరూ భుజాన వేసుకుని తీసుకెళ్లరు. ఏ క్లబ్బులో ఏది ఉంటే అదే. శ్రుతి తప్పినదైనా, నాలుగు మెట్లు కూరుకుపోయినదైనా ఆ రాత్రికి అదే గతి. మూలనున్న పెట్టెకి ఒక గుండీ ఉంది, తిప్పితే శబ్దం పెరుగుతుంది. జీవితంలో మొదటిసారి డ్రమ్స్ వాడితో సమానంగా వినపడగలననే సంతోషం ఆ గుండీలో ఉంది. ఆ రోజు వాయించినది 'మైల్స్ ఇన్ ద స్కై' అనే రికార్డులో చేరింది.

ఆ పెట్టె లోపల ఏముంది? బడిలో ఫిజిక్స్ మాస్టారు శ్రుతిదండాన్ని రబ్బరు దిమ్మకి కొట్టి మన చెవి దగ్గర పెట్టేవారు, గుర్తుందా? రోడ్స్‌లో ఒక్కో మెట్టుకీ అలాంటి శ్రుతిదండం ఒకటి. ఒక కొమ్మ సన్నటి ఉక్కు కడ్డీ, రెండో కొమ్మ మందపాటి లోహపు పట్టీ. మెట్టు నొక్కితే సుత్తి ఆ కడ్డీని కొడుతుంది, ఎదురుగా ఉన్న అయస్కాంతపు చుట్ట ఆ కదలికని కరెంటుగా మారుస్తుంది. మెల్లగా కొడితే గుడి గంట దూరం నుంచి విన్నట్టు, గట్టిగా కొడితే గొంతు గరగరమన్నట్టు. దీన్ని కనిపెట్టిన హెరాల్డ్ రోడ్స్ రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఆస్పత్రి మంచాల మీద ఉన్న సైనికులకి పియానో నేర్పడానికి, బి-17 బాంబరు విమానాల అల్యూమినియం గొట్టాలతో ఒడిలో పెట్టుకునే చిన్న పియానోలు తయారుచేశాడు. అక్కడ మొదలైన పని చివరికి ఈ పెట్టె అయింది. పేరు తెలియకపోయినా డెబ్బైల, ఎనభైల సినిమా పాటల్లో ఎలక్ట్రిక్ పియానో మోగిన చోట ఈ కుటుంబపు నాదం మీ చెవిన పడే ఉంటుంది. నేనైతే మొదట విన్నప్పుడు అది గాజు గ్లాసుల్లో నీళ్లు పోసి వాయిస్తున్నారనుకున్నాను.

1968లోనే మైల్స్ బృందం నుంచి బయటికొచ్చి హాన్‌కాక్ సొంత బృందం కట్టాడు. దానికి తరవాత ఎంవాండిషి అని పేరు పడింది. స్వాహిలీ భాషలో రచయిత అని అర్థం. ఈ కాలపు సంగీతం ఆకాశంలో తేలుతుంటుంది, కాలు కింద పెట్టదు. రోడ్స్‌కి ప్రతిధ్వని యంత్రాలు తగిలించాడు. అదీ చాలక, శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్యాట్రిక్ గ్లీసన్ అనే ఆయన దగ్గర మూగ్ సింథసైజర్ ఉందని తెలిసి వెళ్లాడు. ఆనాటి సింథసైజర్ అంటే ఇప్పటి కీబోర్డులా స్విచ్చి వేస్తే పాడేది కాదు. పాత టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరమ్మాయి ముందుండే బోర్డులా తీగలు పీకి తీగలు గుచ్చాలి. ఒక శబ్దం తయారవ్వడానికి అరగంట పట్టొచ్చు. మీరు సిద్ధం చేయండి, నేను వాయిస్తానన్నది హాన్‌కాక్ ఆలోచన. గ్లీసన్ సిద్ధం చేసి, ఇలా ఉంటుందని తానే వాయించి చూపించాడు. అది నచ్చి, వాయించే పని ఆయనకే వదిలేశాడు. 1972లో వచ్చిన 'క్రాసింగ్స్' రికార్డులో ఆ శబ్దాలున్నాయి. తరవాత గ్లీసన్‌ని బృందంలోకే తీసుకున్నాడు.

ఇక్కడ నాకు హాన్‌కాక్ మీద గౌరవం కలుగుతుంది. మెట్ల వాయిద్యంలో అంత పేరున్నవాడు, తన పక్కనే ఇంకో మెట్లవాణ్ణి, అదీ తనకి రాని పెట్టెతో కూర్చోబెట్టుకోవడం చిన్న సంగతి కాదు. మా ఆర్కెస్ట్రాలో రెండో కీబోర్డు అన్న మాట ఎత్తితే నేను రెండు రోజులు భోజనం సరిగ్గా చేసేవాణ్ణి కాదు.

కానీ ఆ బృందం తిండి పెట్టలేదు. సామాను ఎక్కువ, మనుషులు ఎక్కువ, జనం తక్కువ. 'వాటర్‌మెలన్ మ్యాన్' అని 1962లో తాను రాసిన పాట మీద వచ్చే రాబడితో హాన్‌కాక్ దాన్ని నెట్టుకొచ్చాడు. చిన్నప్పుడు షికాగో సందుల్లో రాళ్లు పరిచిన బాట మీద పుచ్చకాయల బండి టకటకా వెళ్లే చప్పుడు ఆ పాటకి మూలం. ఆకాశంలో తేలేవాణ్ణి పుచ్చకాయల బండి పోషించిందన్నమాట. 1973లో బృందాన్ని ఆపేసి, ఇక నేల మీదికి దిగాలనుకున్నాడు. స్లై స్టోన్ అనే గాయకుడి పాటలు వింటున్నాడు. జనం కాళ్లు కదిలించే సంగీతం కావాలి.

అప్పుడు వచ్చిందే 'హెడ్ హంటర్స్'. అందులో మొదటి పాట 'కమీలియన్', అంటే ఊసరవెల్లి. పదిహేను నిమిషాలకి పైనే. రేడియోలో ఇప్పుడు వినిపించే వీల్లేదు గనక నోటితో చెబుతాను. మొదట ఒక్క బేస్ వరస వినబడుతుంది. లావుగా, జిగటగా, బురదలో గేదె కాలు తీసి కాలు వేస్తున్నట్టు. అది బేస్ గిటార్ అనుకుంటారు. కాదు. హాన్‌కాక్ ఎడమచేతి కింద ఆర్ప్ ఆడిసీ అనే సింథసైజర్. కాసేపటికి సన్నగా, పైస్థాయిలో చిటపటలాడుతూ ఒక గిటార్ వస్తుంది. అదీ గిటార్ కాదు. బేస్ వాయించే పాల్ జాక్సన్, తన పని ఇంకొకరు లాక్కున్నారు కదా అని పైకెక్కి గిటార్ పని చేస్తున్నాడు. ఆ తరవాత కరకరమనే ఇంకో శబ్దం, ఇంకో గిటార్‌లా. అదీ హాన్‌కాక్ వేళ్లే. జర్మనీ వాళ్ల హోనర్ క్లావినెట్. ఆ బృందంలో గిటార్ వాయించేవాడే లేడు.

క్లావినెట్ లోపల నిజంగా తీగలుంటాయి. మెట్టు కింద చిన్న రబ్బరు ముక్క తీగని కిందికి అదిమి ఇనుప దిమ్మకి కొడుతుంది. మెట్టు వదిలితే నూలు చుట్టిన చోట ఆ నాదం ఠక్కున ఆగిపోతుంది. అందుకే అందులో దరువుంది. పియానోలా సాగదు, కొట్టి ఊరుకుంటుంది. దాని మీద పది వేళ్లూ మద్దెల మీద పడినట్టు పడాలి. మా భజనలో చిడతల సుబ్బయ్య తాత ఉండేవాడు, పాట రాకపోయినా ఆయన లేకపోతే భజన లేచేది కాదు. క్లావినెట్ అలాంటిది.

ఆడిసీ సంగతి ఇంకా చెప్పాలి. అది ఒకేసారి రెండు స్వరాల కన్నా ఎక్కువ పలకలేదు. పది వేళ్లతో ఎనభై ఎనిమిది మెట్ల మీద పరిగెత్తిన మనిషికి ఇది శిక్షలా కనిపిస్తుంది. కానీ దానికి ఒక చిన్న గుండీ ఉంది, స్వరాన్ని పైకీ కిందికీ వంచేది. ఇన్నాళ్లూ తట్టుతున్న గోడలో అదొక కిటికీ. 'కమీలియన్'లో ఆయన కుడిచేత్తో వాయించిన ఘట్టం వినండి. స్వరం నొక్కుతాడు, ఎడమచేత్తో గుండీ తిప్పుతాడు, స్వరం మూలుగుతుంది, జారుతుంది, తిరిగొస్తుంది. పియానో పుట్టుపూర్వోత్తరాల్లోనే లేని పని. పది స్వరాలు వదులుకుంటే ఒక జారుడు దొరికింది. మన నాదస్వరం విన్న చెవికి అదేం పెద్ద గమకం కాదు, అయినా మెట్లవాడికి అదొక ఊపిరి. నాకు ఈ సౌకర్యం ఉన్న కీబోర్డు చేతికొచ్చిన మొదటి రోజు, మోహన రాగంలో గాంధారాన్ని ఊపబోయి చక్రం ఎక్కువ తిప్పేశాను. పెళ్లిపందిట్లో సన్నాయి పెద్దాయన కళ్లెత్తి ఒక్కసారి చూశాడు. ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

ఇంకో చిక్కు కూడా ఉండేది ఆ కాలపు సింథసైజర్లకి. వేడెక్కితే శ్రుతి జారుతుంది. వాయించేవాడు ఒక చెవి పాటకి, ఒక చెవి యంత్రానికి ఇవ్వాలి. హార్మోనియానికి ఎన్ని తప్పులున్నా ఈ తప్పు లేదు. మే నెల ఎండలో పందిరి కింద పెట్టినా తన ఐదున్నర తనదే.

'హెడ్ హంటర్స్' విపరీతంగా అమ్ముడుపోయింది. జాజ్ లోకం రెండుగా చీలింది. డబ్బుకి అమ్ముడుపోయాడని పెద్దలు, దారి చూపాడని కుర్రాళ్లు. పెద్దల మాట పూర్తిగా కొట్టిపారేయలేను. ఆ తరవాతి పదేళ్లలో ఆయన చేసిన కొన్ని రికార్డులు ఇప్పుడు వింటే పెట్టెల కేటలాగులా ఉంటాయి. కానీ ఆ పెద్దలు గమనించని సంగతి ఒకటుంది. ఆయన పియానోని వదల్లేదు. 1974లో జపాన్ వెళ్లినప్పుడు ఒంటరిగా ఒక రికార్డు చేశాడు, 'డెడికేషన్' అని. రికార్డుకి ఒక వైపంతా మామూలు పియానో. ప్లేటు తిరగేస్తే రెండో వైపంతా కరెంటు వాయిద్యాలు. మనిషి రెండు ముఖాల్నీ ఒకే నల్లప్లేటు మీద అచ్చు వేసినట్టు.

అసలు చూడాల్సింది 1978. ఆ సంవత్సరం మొదట్లో చిక్ కొరియా అనే ఇంకో పియానో వాద్యకారుడితో కలిసి, రెండే రెండు గ్రాండ్ పియానోలు ఎదురెదురుగా పెట్టుకుని ఊరూరా కచేరీలు చేశాడు. ఇద్దరూ కరెంటు సంగీతంతో పేరు తెచ్చుకున్నవాళ్లే, ఇద్దరూ ప్లగ్గు పీకేసి కూర్చున్నారు. అదే ఏడు 'సన్‌లైట్' అనే రికార్డు వచ్చింది. అందులో ఆయన పాడాడు. పాడటం ఆయనకి రాదు. గొంతు లేదని ఆయనకీ తెలుసు. వోకోడర్ అనే జర్మన్ యంత్రం ఆ లోటు తీర్చింది. మైకులో నోటితో మాట పలకాలి, వేళ్లతో మెట్లు నొక్కాలి. మాట నోటిది, స్వరం వేళ్లది. యంత్రం రెంటినీ కలిపి ఇనుప గొంతుతో పాడిస్తుంది. శ్రుతి తప్పే ప్రశ్నే లేదు, ఎందుకంటే శ్రుతి వేళ్ల దగ్గరుంది. నాకు ఆ గొంతు అంతగా నచ్చదు, రైల్వే స్టేషన్ మైకు ప్రేమలో పడినట్టుంటుంది. కానీ పాడాలని ఉండి గొంతు లేనివాడి ఆశ నాకు బాగా తెలుసు.

అక్కడితో ఆగలేదు. ఆ అక్టోబరులో టోక్యోలో రెండు రికార్డులు చేశాడు, రెండూ టేపు లేకుండా సూటిగా ప్లేటు మీదికే. ఇది కాస్త చెప్పాలి. మామూలుగా టేపు మీద ఎక్కించి, తప్పులు కోసి, అతికించి, ఆ తరవాత ప్లేటు కోస్తారు. ఈ పద్ధతిలో మీరు వాయిస్తుంటే పక్క గదిలో సూది ప్లేటుని గీస్తూ ఉంటుంది. ఒక వైపు పూర్తయ్యేదాకా ఆగకూడదు, దగ్గకూడదు, తప్పు పడితే మొదటి నుంచి. అలా ఒక రికార్డు బృందంతో సింథసైజర్ల మీద, ఇంకోటి కేవలం పియానో మీద. 'ద పియానో' అనే పేరు పెట్టాడు ఆ రెండోదానికి. ఒకే నెల, ఒకే ఊరు, ఒకే మనిషి. ఏది ఆయన అసలు వాయిద్యమని అడిగేవాళ్లకి ఆ నెల చూపిస్తే చాలు, గొడవ వదిలిపోతుంది.

ఎనభైల్లోకి వచ్చేసరికి ఇంకో లోటు తగిలింది. ఇది సంగీతపు లోటు కూడా కాదు, కూర్చునే చోటు. గిటార్ వాడు వేదిక ముందుకొచ్చి ఊగుతాడు. మెట్లవాడు పెట్టె వెనక, జనానికి చెవి ఒకటే కనబడేలా పక్కకి తిరిగి కూర్చుంటాడు. హాన్‌కాక్ గిటార్‌లా మెడకి తగిలించుకునే కీబోర్డు తగిలించుకుని ముందుకి నడిచాడు. అంతే, ఇందులో తత్వమేమీ లేదు. పాతికేళ్లు గాయనీమణుల చీర కుచ్చిళ్ల వెనక కూర్చున్న నాకు ఆ బొమ్మ చూస్తే ఈర్ష్య కలిగిందని మాత్రం చెప్పాలి.

తరవాత ఫెయిర్‌లైట్. ఆస్ట్రేలియాలో సిడ్నీ వాళ్లు చేసిన కంప్యూటరు వాయిద్యం. ధర ఒక ఇంటి ఖరీదంత. ఏ శబ్దాన్నయినా పట్టుకుని మెట్ల మీద పరుస్తుంది. 1983లో ఆయన దాన్ని 'సెసమి స్ట్రీట్' అనే పిల్లల టీవీ కార్యక్రమానికి తీసుకెళ్లాడు. చుట్టూ నలుగురైదుగురు పిల్లలు. ఒక చిన్నపాపని నీ పేరు చెప్పమన్నాడు. పాప చెప్పింది. ఆయన మెట్టు నొక్కాడు, పెట్టె పాప గొంతుతో ఆ పేరు పలికింది. కింది మెట్టు నొక్కితే అదే పేరు రాక్షసుడి గొంతుతో, పై మెట్టు నొక్కితే చీమ గొంతుతో. పిల్లలు విరగబడి నవ్వారు. ఆయన ముఖం చూడాలి, గడియారం విప్పిన కుర్రాడు ఇంకా అక్కడే ఉన్నాడు.

అదే ఏడు 'రాకిట్' వచ్చి లోకమంతా మోగింది. నిజం చెప్పాలంటే అందులో ఆయన వాయించింది కొంచెమే. బిల్ లాస్వెల్, మైకేల్ బైన్‌హార్న్ అనే కుర్రాళ్లు దరువు కట్టి తెచ్చారు, డీఎస్‌టీ అనే కుర్రాడు రికార్డు ప్లేటుని ముందుకీ వెనక్కీ రాస్తూ చప్పుళ్లు పుట్టించాడు. ప్లేటు కూడా ఒక వాయిద్యమైపోయింది. హాన్‌కాక్ దాని మీద ఒక చిన్న పల్లవి పెట్టాడు. ఆ వీడియోలో ఇల్లంతా యంత్రపు బొమ్మలు కాళ్లు ఆడిస్తుంటాయి, హాన్‌కాక్ ఒక చిన్న టీవీ తెర లోపల మాత్రమే కనిపిస్తాడు. చివర్లో ఆ టీవీ కూడా పగిలిపోతుంది. నల్లవాళ్ల పాటల్ని ఎంటీవీ అనే పాటల చానల్ సరిగ్గా చూపించని రోజులవి. ఎలాగోలా లోపలికి వెళ్లాలంటే తన ముఖం తక్కువ కనిపించినా పర్వాలేదనుకున్నాడు.

ఆ యంత్రాల హోరులోంచి ఆయన తిరిగి పియానో దగ్గరికి వచ్చాడనడం అబద్ధం, ఎప్పుడూ వెళ్లలేదు గనక. కానీ వినేవాళ్ల చెవులు తిరిగొచ్చాయి. ఒక ఫ్రెంచి దర్శకుడు తీసిన 'రౌండ్ మిడ్‌నైట్' అనే సినిమాకి సంగీతం చేసి 1987లో ఆస్కార్ అందుకున్నాడు. 2007లో కెనడా గాయని జోనీ మిచెల్ పాటలతో 'రివర్' అనే రికార్డు చేశాడు. మరుసటి ఏడు దానికి గ్రామీల్లో ఆ సంవత్సరపు ఉత్తమ ఆల్బమ్ బహుమతి వచ్చింది. జాజ్ రికార్డుకి ఆ బహుమతి రావడం నలభై ఏళ్లకి పైగా గడిచాక అదే మొదలు. అందులో ఒక పాట నోరా జోన్స్ పాడింది. మూడేళ్లకి ఇంకో రికార్డులో అనౌష్కా శంకర్ సితార్ ఉంది. పండిత్ రవిశంకర్ గారి కూతుళ్లిద్దరూ ఈయన మెట్ల పక్కన వేర్వేరు సమయాల్లో వచ్చి నిలబడ్డారు.

'రివర్'లో పియానో వినండి. కుర్రతనంలో మైల్స్ పక్కన వాయించిన పియానో కాదిది. ఒక కార్డు వేసి చెయ్యి తీసేస్తాడు, అది గాలిలో కరిగేదాకా ఆగుతాడు. పాడే మనిషి ఊపిరి పీల్చుకున్న సందులో రెండు స్వరాలు జారవిడుస్తాడు. నా అనుమానం ఏమిటంటే, ఇది రోడ్స్ దగ్గర నేర్చుకున్న పాఠం. ఆ ఉక్కు కడ్డీల నాదం మోగుతూ మోగుతూ సన్నబడుతుంది, దాని మీద ఇంకోటి తోస్తే బురద అవుతుంది. ఆగడం ఆ పెట్టె నేర్పుతుంది. ఎలక్ట్రిక్ పెట్టె చేతికి నేర్పినది కొయ్య పెట్టె మీద బయటికొచ్చింది. రుజువు చూపించమంటే చూపించలేను, నా చెవి అలా అంటోంది.

ఆయన ఈ మధ్యకాలపు పియానో ఇటలీలో చేసిన ఫాజియోలి. 1981లో పావ్‌లో ఫాజియోలి అనే ఆయన మొదలుపెట్టిన కార్ఖానా, ఏటా చేసేవి కొన్నే. ఇంత తిరిగినవాడు ముసలితనంలో కొయ్యా తీగా తప్ప ఏమీ లేని పెట్టె ముందు స్థిరపడ్డాడని నేను చక్కగా ముగించొచ్చు. అబద్ధం చెప్పినవాణ్ణవుతాను. ఆయన వేదిక చూడండి. ఒక పక్క ఆ తొమ్మిదడుగుల నల్ల పియానో. దానికి అడ్డంగా, మలుపు తిరిగితే అందేలా, కోర్గ్ సింథసైజర్. మధ్యలో బల్ల. ఒకే పాటలో ఒక పక్కకి తిరిగితే తీగలు, ఇంకో పక్కకి తిరిగితే కరెంటు. మా ఊళ్లో పచారీ కొట్టు శెట్టిగారు గల్లాపెట్టె దగ్గర ఒక చెయ్యి, తక్కెడ దగ్గర ఒక చెయ్యి పెట్టుకుని ఇలాగే తిరిగేవారు.

కచేరీ చివర 'కమీలియన్' వస్తుంది. ఎనభై దాటిన మనిషి బల్ల మీంచి లేచి, మెడకి తగిలించుకునే కీబోర్డు తగిలించుకుని, వేదిక అంచుకి నడిచి వస్తాడు. ఇప్పటి ఆ పెట్టె వందల రకాల గొంతులు పలుకుతుంది, ఎన్ని మెట్లు నొక్కితే అన్నీ మోగుతాయి. ఆయన మాత్రం 1973 నాటి ఆ లావుపాటి శబ్దాన్నే ఎంచుకుని, ఒక్కొక్క మెట్టే నొక్కుతూ ఆ బేస్ వరస మొదలుపెడతాడు. స్వరం పడగానే హాలంతా లేచి నిలబడుతుంది. ఒక్కోసారి ఆయన గాల్లోకి చిన్న గెంతు కూడా వేస్తాడు.